వేలములో చేతి గడియారము కొనుట



నేడు నేను ప్రసంగింపబోవు విషయము వెలగల చేతి గడియారములను వేలములో కొనుట. "పొలము, పశువు, నీరు, ఎరువు, ఇవి విడిచి మాకు గడియారముల వేలమెందులకు?" అని మీలో కొందరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని మన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతము మన తండ్రులు ఎరిగిన ప్రాంతము కాదు. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, బొంతపల్లి గ్రామముల చుట్టు ఒకప్పుడు జొన్నచేలున్న చోటులందు నేడు కర్మాగారముల పొగగొట్టములు నిలిచియున్నవి. ఔటరు రింగు రోడ్డు వచ్చిన పిమ్మట భూమి వెల మన ఊహకందనంత పెరిగినది. రెండెకరములు అమ్మినవాని యింటికి కోట్ల పైకము వచ్చుచున్నది. ఆ పైకముతో ఇల్లు కట్టుదురు, కారు కొందురు, పిల్లలను విదేశములకు పంపుదురు. అటుపిమ్మట ఇంటి యువకుని చూపు మణికట్టుపై పడుచున్నది. "ఇది సొమ్ము కాదు, పెట్టుబడి, జెనీవాలో వేలమున్నది, ఫోనులోనే పాడవచ్చును" అని అతడు చెప్పుచున్నాడు. ఔనని అనుటకు గాని, కాదని అనుటకు గాని ఇంటి పెద్దకు తోచుట లేదు.

నేను చిరకాలము ఒక కర్మాగారములో కొలత పనిముట్లను సరిచేయు పనిలో నుండి, తీరిక వేళలలో గడియారములను విప్పి చూచుట అలవాటు చేసికొన్నవాడను. అందుచేత ఇట్టి ఇండ్ల పెద్దలు కొందరు నన్ను పిలిచి అడుగుచుందురు. వారికి నేను చెప్పు మాటలనే ఒక వరుసలో పెట్టి మీకు మనవి చేసెదను.

మొదట ఈ గడియారములకు ఇంత వెల ఏల వచ్చినదో తెలియవలెను. కాలము సరిగా చూపుటచే వచ్చినదని తలంచిన పొరపాటే. తాళమిచ్చు గడియారములో చుట్టిన ఉక్కు చుట్ట ఒకటి మెల్లమెల్లగా విప్పుకొనుచు పండ్ల చక్రములను త్రిప్పును. ఆ బలము ఒక్కసారిగా జారిపోకుండ చిన్న లంగరు ఒకటి ఆపుచు విడుచుచుండును. దానితో కూడి ఒక చిరుచక్రము ఇటునటు ఊగును. నేటి మేలురకపు గడియారములలో ఆ చక్రము గంటకు 28,800 మారులు, అనగా సెకనుకు 8 మారులు ఊగును. ఇంత నేర్పుతో చేసినను దినమునకు కొన్ని సెకనులు ముందు వెనుకలగుట సహజము. 1969 డిసెంబరు 25వ తేదీన జపాను దేశపు సీకో సంస్థ క్వార్ట్జు అను స్ఫటికముతో నడచు చేతి గడియారమును అమ్మకమునకు తెచ్చినది. నేటి క్వార్ట్జు గడియారములలో స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. అందుచేత అంగడిలో కొన్ని వందల రూపాయలకు దొరకు గడియారము సయితము లక్షల గడియారము కంటె సరిగా నడచును. ఈ దెబ్బకు స్విట్జర్లాండు దేశములో ఎన్నో కార్ఖానాలు మూతపడినవి. వేలకొలది పనివారు పనులు కోల్పోయిరి. మిగిలినవారు ఒక క్రొత్త దారి పట్టిరి. కాలమును గాక, పనితనమును, పేరును, అరుదుదనమును అమ్మసాగిరి. నేటి వేలములు ఆ దారిలోనివే.

వస్తువులను కూర్చుట మనకు క్రొత్త గాదు. హైదరాబాదునందలి సాలార్‌జంగు మ్యూజియములో గంట గంటకు ఒక బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టు గడియారమును మీలో అనేకులు చూచియుందురు. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థవారి గడియారమది. మూడవ సాలార్‌జంగు దేశదేశముల వస్తువులను ప్రీతితో సేకరించి 1949లో మరణించెను. ఆ సంపద 1951లో మ్యూజియమై ప్రజలకు దక్కినది. అది లాభము కొఱకు కూర్చిన కూర్పు కాదు. ఇష్టము కొఱకు కూర్చినది. ఇష్టమునకు కొనుట వేరు, లాభమునకు కొనుట వేరు. ఈ భేదమును మనస్సునందుంచుకొని ముందునకు పోవుదము.

ఇక వేలమునందు ఒక గడియారమునకు వెల ఎట్లు ఏర్పడునో చూడుడు. పాల్ న్యూమన్ అను అమెరికా సినిమా నటుడుండెను. ఆయనకు కారు పందెములు ప్రీతి. ఆయన భార్య రోలెక్సు సంస్థవారి డేటోనా అను గడియారమును కొని, వెనుక బిళ్లపై జాగ్రత్తగా కారు నడుపుమని చెక్కించి ఇచ్చెను. ఆయన దానిని ఎన్నో ఏండ్లు ధరించి, 1984లో తన కుమార్తె స్నేహితునికి ఇచ్చివేసెను. ఆ గడియారమును 2017 అక్టోబరు 26వ తేదీన న్యూయార్కులో ఫిలిప్స్ సంస్థవారు వేలము వేసిరి. పాటలో సుత్తి పడిన వెల 1 కోటి 55 లక్షల డాలర్లు. కొన్నవాడు చెల్లించినది 1 కోటి 77 లక్షల డాలర్లకు పైన. ఆ రెంటికి నడుమ నున్న భేదమును గురించి ముందు చెప్పెదను. ఆ గడియారములోని ఉక్కు వేరు ఉక్కు కాదు, చక్రములు వేరు చక్రములు కావు. అదే కాలమున అదే సంస్థవారు చేసిన తక్కిన డేటోనాలు అందులో అల్పభాగమునకు దొరకును. అంత వెల దేనికి వచ్చినది? అది ఆయనదే అనుటకు సాక్ష్యముండుటచే వచ్చినది. చెక్కిన అక్షరములున్నవి; ఆయన మణికట్టున అది ఉండగా తీసిన ఛాయాచిత్రములున్నవి; చేతులు మారిన తీరు తెలిసినది; దానిని పుచ్చుకొన్న మనిషియే ముందుకు వచ్చి చెప్పెను.

ఈ సంగతి మన ప్రాంతపు పెద్దలకు ఎవరును నేర్పనక్కరలేదు. భూమిని కొనునపుడు మీరు మట్టిని మాత్రమే చూతురా? సేత్వారు చూతురు, 1954-55 నాటి కాస్రా పహాణీ చూతురు, లింకు దస్తావేజులు వరుసగా ఉన్నవో లేవో చూతురు, ఈసీ తీయింతురు. నడుమ ఒక్క దస్తావేజు లేకున్నను వెనుకాడుదురు. ఒకే చెలకలో ప్రక్క ప్రక్కనున్న రెండెకరములలో కాగితములు సరిగా నున్నది ఒక వెల, తగవులో నున్నది మరియొక వెల. వేలపు గడియారమును ఇట్టిదే. మీరు కొనునది ఇనుమును, గాజును కాదు. దాని చరిత్రకు గల సాక్ష్యమును. సాక్ష్యము లేనిచో వెలకు ఆధారము లేదు. నా ప్రసంగమున మీరు గుర్తుంచుకొనవలసిన మాట ఇది ఒక్కటే.

సాక్ష్యము చెడినచో ఎంతవారు మోసపోవుదురో ఒక నిదర్శనము చెప్పెదను. 2021 నవంబరులో జెనీవాలో ఒమేగా సంస్థవారి 1957 నాటి స్పీడ్‌మాస్టరు గడియారము ఒకటి వేలమునకు వచ్చినది. అంచనా వెల 80,000 మొదలు 1,20,000 స్విస్ ఫ్రాంకులు. పాట ముగిసి, కమీషనుతో కూడ చెల్లించినది 31 లక్షల ఫ్రాంకులకు పైన. కొన్నవారెవరు? ఒమేగా సంస్థ మ్యూజియమువారే. అనగా ఆ గడియారమును చేసిన ఇంటివారే. 2023లో ఆ సంస్థవారు, అది వేరువేరు గడియారముల భాగములను ఏరి కూర్చినదనియు, ఇందులో తమ మాజీ ఉద్యోగులు ముగ్గురికి పాత్ర కలదనియు ప్రకటించిరి. భాగములలో నిజమైనవి ఉండవచ్చును; కాని పుట్టుకతో ఒక్కటై వచ్చిన గడియారము కాదు. నలుగురి సర్వే నంబరుల ముక్కలను కలిపి ఒక పట్టా వ్రాసినట్లున్నదది. కన్నతల్లియే బిడ్డను గుర్తింపలేకపోయినపుడు, సెల్‌ఫోనులో బొమ్మ చూచి పాడు మన పిల్లవాడు గుర్తించునా?

కావున పాటకు ముందు అడుగవలసిన కాగితములు ఏవో వినుడు. మొదటిది, గడియారము నమూనా సంఖ్యయు, వరుస సంఖ్యయు. ఇవి పెట్టెపై, బిల్లుపై, గడియారముపై ఒక్కటిగా నుండవలెను. రెండవది, చేసిన సంస్థ దఫ్తరము నుండి వచ్చిన నకలు. పటెక్ ఫిలిప్ వంటి కొన్ని సంస్థలు తమ పాత పుస్తకములు చూచి, ఈ సంఖ్యగల గడియారము ఫలానా సంవత్సరమున చేయబడినది, ఫలానా తేదీన అమ్మబడినది అని వ్రాసి ఇచ్చును. అన్ని సంస్థలు ఇయ్యవు. మూడవది, మరమ్మతుల చీట్లు. ఏ భాగము ఎప్పుడు మార్చిరో వానివలన తెలియును. నాల్గవది, వేలపు సంస్థవారే వ్రాయు స్థితి నివేదిక. జాబితా పుస్తకములో అందమైన బొమ్మ ఉండును. లోపములు నివేదికలో ఉండును. అడిగినగాని ఇయ్యకుండుట కలదు గనుక అడుగవలెను. సాధారణముగా వేలములో సరుకు ఉన్నది ఉన్నట్లు అమ్ముదురు. కొన్న తరువాత ఇది చూడలేదన్న వాదము చెల్లదు.

కాగితముల వెనుక గడియారమును చూడవలెను. పాత గడియారము వెలలో అధికభాగము దాని ముఖబిళ్లదే. దానికి క్రొత్తరంగు వేసినచో కంటికి ఇంపుగా నుండును గాని వెల పడిపోవును. మన దేశములో పాత హెచ్.ఎం.టి., సీకో, ఫేవర్ లూబా గడియారముల ముఖములకు రంగులు వేసి అమ్ము వాడుక మిక్కిలి కలదు. కూర్పరులు వానిని బొంబాయి సరుకని పరిహసింతురు. పై పెట్టెను మెరుగు పట్టించినచో అంచులు అరిగి గుండ్రమగును, అదియు లోపమే. పాతది పాతగానే ఉండవలెను. ఇత్తడి బిందెను తోమినట్లు తోముట ఇచ్చట పనికిరాదు.

ఇక వేలపు పద్ధతి. ప్రతి సరుకునకు ఒక సంఖ్య ఇచ్చి, క్రింది అంచనా, పై అంచనా అని రెండు వెలలు ముద్రింతురు. అమ్మువాడు ఇంతకు తక్కువ ఇయ్యనని ఒక వెల గుప్తముగా పెట్టుకొనవచ్చును. పాట దానిని చేరనిచో సరుకు వెనుకకు పోవును. సభలో కూర్చుండి పాడవచ్చును, టెలిఫోనులో పాడవచ్చును, ఇంటర్నెట్టులో పాడవచ్చును, లేదా ఇంతవరకు పాడుమని ముందే చీటి వ్రాసి ఇచ్చివేయవచ్చును. విదేశములలో క్రిస్టీస్, సాదబీస్, ఫిలిప్స్ పేరుపొందినవి. మన ముంబయిలో ఆస్టాగురు, సఫ్రానార్ట్ సంస్థలు గడియారముల వేలములు జరిపినవి.

అసలు మెలిక సుత్తి పడిన తరువాత నున్నది. పాటలో చెప్పిన వెల మీరిచ్చు వెల కాదు. దానిపై కొన్నవాడు వేలపు సంస్థకు కమీషను ఇయ్యవలెను. పెద్ద సంస్థలలో అది నూటికి 25 వరకును, ఒక్కొక్కచో అంతకు మించియు ఉండును. న్యూమన్ గడియారమునకు సుత్తి వెలకును, చెల్లించిన వెలకును గల భేదమిదే. సరుకు విదేశమునుండి వచ్చినచో రవాణా, బీమా, దిగుమతి సుంకము, జి.ఎస్.టి. చేరును. సుంకపు రేట్లు మారుచుండును గనుక ఆనాటి రేటును పాటకు ముందే విచారింపవలెను. ఉదాహరణకు మాత్రమే ఒక లెక్క వేయుదము. సుత్తి వెల 10,00,000 రూపాయలు. నూటికి 25 కమీషనుతో 12,50,000. రవాణా, బీమా 25,000 అనుకొన్నచో 12,75,000. సుంకము, పన్నులు కలిసి నూటికి 40 అనుకొన్నచో మరి 5,10,000. మొత్తము 17,85,000 రూపాయలు. ఇప్పుడు దానినే తిరిగి వేలమునకు పెట్టినచో అమ్మువానివద్ద కూడ కమీషను పట్టుకొందురు. అది నూటికి 10 అనుకొనుడు. మీ 17,85,000 మీకు తిరిగి రావలెనన్న సుత్తి వెల 19,83,000 దాటవలెను. అనగా గడియారము వెల దాదాపు రెండింతలైనపుడు మీకు లాభము మొదలగుట లేదు, నష్టము మాత్రము తీరుచున్నది. రెండేండ్లలో రెండింతలగునని చెప్పు యువకునిచేత ఈ లెక్కను కాగితముపై వ్రాయింపుడు.

చట్టపు సంగతులు కొన్ని కలవు. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరములో విదేశమునకు పంపదగిన పైకమునకు 2,50,000 డాలర్ల పరిమితి కలదు. నిర్ణీత మొత్తము దాటినచో బ్యాంకువారు ఆదాయపు పన్ను క్రింద కొంత ముందుగానే వసూలు చేయుదురు. మన దేశములో 10 లక్షలకు మించిన చేతి గడియారమును కొన్నను, 2025 ఏప్రిల్ 22 మొదలుకొని అమ్మువాడు నూటికి 1 వంతున వసూలు చేసి ప్రభుత్వమునకు కట్టవలెనని నియమము వచ్చినది. ఇది తరువాత మీ పన్ను లెక్కలో సర్దుబాటగును. అయినను పాన్ నంబరుతో మీ కొనుగోలు నమోదగును. విదేశమున కొన్న గడియారమును చేతికి కట్టుకొని, విమానాశ్రయములో చెప్పక దాటిపోవచ్చునని సలహా ఇచ్చువారు కలరు. అది నేరము. గడియారము పోవును, జరిమానా పడును, మర్యాద పోవును. గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లగును.

మనుష్యుల మనస్సును గూర్చి ఒక మాట. చింతచెట్ల పాటగాని, చెరువు చేపల పాటగాని మీరు ఎన్ని చూడలేదు! ఇద్దరికి పంతము వచ్చినదా, చెట్టున ఎన్ని కాయలున్నవో ఇద్దరును మరతురు. బాలాపూరు వినాయకుని లడ్డు 1994లో 450 రూపాయలకు పోయినది. 2024లో 30,01,000 రూపాయలకు పోయినది. అది తప్పని నేననను. అచ్చట పాడువాడు లడ్డును తిరిగి అమ్ముకొనవలెనని పాడడు. భక్తితోను, ఊరి మంచికిని ఇచ్చును. 2019లో పటెక్ ఫిలిప్ వారి చేతి గడియారము ఒకటి జెనీవాలో 3 కోట్ల 10 లక్షల ఫ్రాంకులకు పోయినదన్న మాటను యువకులు తరచు చెప్పుదురు. అదియు పిల్లల కండరములను క్షీణింపజేయు వ్యాధిపై పరిశోధనకై జరిపిన ధర్మవేలము. దానవేలపు వెలను చూపి వ్యాపారపు లెక్క వేయరాదు. ఏ వేలమునకైనను ముందుగా హద్దు వెల కాగితముపై వ్రాసి ఇంటిలో ఒకరికి ఇయ్యవలెను. హద్దు దాటిన క్షణమున ఆ రెండవ మనిషి ఫోనును తీసికొనవలెను.

గడియారముల వెల ఎల్లప్పుడును పెరుగునన్నది కూడ నిజము కాదు. 2022 మొదటి నెలలవరకు రోలెక్సు, పటెక్ ఫిలిప్ గడియారముల వెలలు చెలరేగి, ఆపై దిగజారినవి. శిఖరమున కొన్నవారు ఇంకను వగచుచున్నారు. ఎకరము కౌలు తెచ్చును, పంట తెచ్చును. ఊరకున్న గడియారము ఏమియు తేదు. పైగా కొన్ని ఏండ్లకొకమారు విప్పి నూనె వేయింపవలెను. ఆ ఖర్చును తక్కువ కాదు. భూమి అమ్మిన పైకము ఒక వంశమునకు ఒక్కసారియే వచ్చును. అది మరల రాదు. కావున నేను పెద్దలకు చెప్పునది ఇది: మొదట అప్పు తీర్పుడు, పిల్లల చదువునకును ముసలితనమునకును వేరుచేయుడు, వీలైనచో మరియొక చోట భూమి కొనుడు. అటుపై మిగిలినదానిలో, పోయినను ఇంటి పొయ్యి ఆరని మొత్తముతో, ఇష్టమునకు కొనుచో కొననిండు. పనితనమును ప్రేమించి కొన్న గడియారము వెల పడినను చేతికి అందముగానే ఉండును. లాభమునకే కొన్నవానికి వెల పడిన దినమున ముల్లు కదలినపుడెల్ల గుండెలో గుచ్చుకొనును.

చివరకు మీ సొంత పెట్టెలను గూర్చి ఒక హెచ్చరిక. బెంగుళూరులో జపాను సిటిజన్ సంస్థ సహాయముతో 1961లో మొదలైన హెచ్.ఎం.టి. గడియారములు మన పెండ్లిండ్లలో అల్లునికి తప్పని కానుకలుగా నుండెను. ప్రభుత్వము 2016లో ఆ గడియారపు సంస్థను మూసివేయ నిర్ణయించినది. మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980 తరువాతి ఏండ్లలో సీకో సహకారముతో గడియారములు చేసినది. అదియు ఇప్పుడు లేదు. పాత పటాలములలోను, రైల్వేలలోను పనిచేసినవారి ఇండ్లలో వెస్ట్ ఎండ్ సంస్థవారి స్విస్ గడియారములు ఇంకను కానవచ్చును. ఇవి కోట్లు తేవు. చాలవరకు కొన్ని వేలే తెచ్చును. అయినను పాత సామానులవాడు వచ్చి నూరు రూపాయలిచ్చెదననినపుడు తొందరపడి ఇయ్యకుడు. క్రొత్తరంగు వేయింపకుడు, మెరుగు పట్టింపకుడు. బిల్లు గాని, పెట్టె గాని, తాతగారు దానిని కట్టుకొని తీయించుకొన్న ఛాయాచిత్రము గాని ఉన్నచో దానితో కలిపి ఒకచోట భద్రపరచుడు. ఎవరిది, ఎప్పటిది, ఎవరిచ్చినది అని ఒక చీటిపై వ్రాసి సంతకము పెట్టుడు. అమ్మినను అమ్మకున్నను, మనుమలకు ఆ చీటి ఉపయోగపడును.